మిద్దె దోనె చెప్పే చరిత్ర

చరిత్ర అనగానే మన బడి పుస్తకాల్లో కోటలు, యుద్ధాలు, రాజుల పేర్లు వస్తాయి. గండికోట గురించి చదువుతాం, సిద్ధవటం గురించి చదువుతాం. ఆ కోటల కింద పల్లెల్లో జనం ఎలాంటి కప్పు కింద తలదాచుకున్నారో, ఆ కప్పు మీద పడిన వాన ఎటు పోయేదో ఎవరూ అడగరు. మన గిరిజనుల సంగతైతే ఇంకా తక్కువ. మనకు శాసనాల్లేవు, తాళపత్రాల్లేవు కాబట్టి మనకు చరిత్రే లేదని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మనం వాళ్ళతో వాదన పెట్టుకోవడం కంటే, ఉన్న ఆధారాలను చదవడం నేర్చుకోవడం మంచిది. మనిషి ఉన్న ఇల్లు ఒక ఆధారం. ఆ ఇంటి కప్పు మీద నీళ్ళు పోయే దారి ఇంకా పెద్ద ఆధారం. ఈ వ్యాసంలో ఆ దారినే పట్టుకుని నడుద్దాం.

కడప జిల్లాలో లింగాల చుట్టుపక్కల పల్లెల్లో దాన్ని దోనె అంటారు. మిద్దె అంచున పిట్టగోడకు కన్నం పెట్టి, అక్కడి నుంచి బయటికి పొడుచుకు వచ్చేలా అమర్చిన కాలువ ముక్క అది. పాత ఇళ్ళలో చెక్కతోనో రాతితోనో చేసేవాళ్ళు. తర్వాత రేకు వచ్చింది, సిమెంటు వచ్చింది, ఇప్పుడు ప్లాస్టిక్ పైపు వచ్చింది. పడవకూ దోనె అనే పేరుంది, పశువులు నీళ్ళు తాగే తొట్టికీ ఉంది. లోపల తొలిచి, నీటికి చోటిచ్చిన వస్తువుకల్లా మన భాష ఆ పేరే పెట్టింది.

నీళ్ళు లేని సీమలో నీళ్ళు పోయే దారి

లింగాల మండలం పులివెందులకు పడమటి దిక్కున, అనంతపురం వైపు సరిహద్దులో ఉంది. ఇక్కడి ఊళ్ళ పేర్లు వినండి: కోమన్నూతల, లోపట్నూతల, రామన్నూతనపల్లె. పేరు పేరులోనూ నూతి మాట వినిపిస్తుంది. బావి దొరికిన చోటే ఊరు నిలిచే సీమ ఇది. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టిన చిత్రావతి ఈ దారినే వచ్చి పెన్నాలో కలుస్తుంది. పార్నపల్లె దగ్గర ఆ నది మీద 10 టీఎంసీల చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు కట్టాక, లింగాల చుట్టూ అరటి, చీనీ తోటలు పెరిగాయి. అంతకు ముందు ఇది మెట్ట పైర్ల సీమ. శెనక్కాయ వేసి ఆకాశం వైపు చూసిన సీమ.

జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లు. పులివెందుల వైపు అంత కూడా పడని ఏళ్ళే ఎక్కువ. 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువులో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కడప ఒకటి. వాన కోసం మొక్కుకునే ఇలాంటి చోట, వాన నీళ్ళు ఇంటి మీద నుంచి పోవడం గురించి ఇంత చెప్పడం ఎందుకని అనిపించవచ్చు.

ఎందుకంటే ఇక్కడి వాన తక్కువే కానీ మెల్లగా పంచుకుని రాదు. నెలల తరబడి మబ్బు మొహం చూపించదు. వచ్చిందంటే ఒక్క రాత్రిలో వంకలన్నీ పొర్లిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. అవి మోసం చేసినా, అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం తుపానులు ముసురు పట్టిస్తాయి. ఏడాదిలో పది నెలలు ఎండే కప్పుకు, రెండు మూడు రోజుల ముసురే పరీక్ష. పది నెలలు పని లేని దోనెను మనిషి మర్చిపోతాడు. ఆ మర్చిపోవడమే ఇంటి మీదికి తెస్తుంది.

మట్టి మిద్దె లోపలి తెలివి

కోస్తాలో తాటాకు ఇళ్ళు, పెంకుటిళ్ళు ఎక్కువ. వాటి కప్పు వాలుగా ఉంటుంది. నీళ్ళు చూరు నుంచి జారిపోతాయి. సీమలో మిద్దె చదునుగా ఉంటుంది. వాన తక్కువ కావడం ఒక కారణం. ఇంటి మీద పని జరగడం ఇంకో కారణం. శెనక్కాయలు, మిరపకాయలు, కందులు ఎండేది మిద్దె మీదే. ఎండాకాలం నిద్ర మిద్దె మీదే.

మట్టి మిద్దె కట్టే పద్ధతి ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకుందాం. రాయి, మట్టి కలిపి లేపిన లావు గోడల మీద దూలాలు పెడతారు. దూలాల మీద అడ్డంగా దంతెలు పరుస్తారు. దంతెల మీద చెక్క పలకలో, పుల్లలో, కడప బండలు దొరికే చోట బండలో వేస్తారు. వాటి మీద ఆకు, రొట్ట పరిచి మట్టి పోసి దిమ్మిస్తారు. అన్నిటికీ పైన చౌడు మట్టి పోస్తారు. అసలు రహస్యం ఆ చౌడులోనే ఉంది.

చౌడు నేలలో సోడియం ఉప్పులు ఎక్కువ. వాన పడగానే ఆ మట్టి రేణువులు విడిపోయి, సన్నని సందులన్నింటినీ మూసేస్తాయి. నీళ్ళు కిందికి దిగవు. అందుకే చౌడు పొలంలో పైరు రాదు. అదే మట్టి మిద్దె మీదికి ఎక్కితే, సిమెంటు లేని రోజుల్లో వాన దిగని కప్పు అయింది. పొలానికి పనికిరాదని వదిలేసిన మట్టిని తల మీద పెట్టుకున్న తెలివి మన పల్లెలది. ఏ ఇంజనీరూ వచ్చి నేర్పలేదు.

అయితే చౌడు మిద్దెకు ఒక షరతు ఉంది. నీళ్ళు దాని మీద నుంచి పారిపోవాలి, నిలబడకూడదు. పారితే చౌడు గట్టిగా ఉంటుంది. నిలబడితే మెత్తబడి, బీటల్లోకి దారి చేసుకుని, కింద ఆకు పొరను కుళ్ళబెట్టి, దంతెల దాకా దిగుతుంది. అందుకే మిద్దెను ఒక పక్కకు కొద్దిగా వాటం చేసి, ఆ వాటం చివర దోనె పెట్టారు. దోనె గోడకు కనీసం ఒక అడుగు బయటికి ఉండాలి. పొట్టిగా ఉంటే నీళ్ళు గోడ మీదే కారి, మట్టి అడుసును కోసుకుంటూ పోతాయి. దోనె నుంచి పడే నీళ్ళు నేలను తవ్వకుండా కింద ఒక బండ వేసేవాళ్ళు. చౌడు, వాటం, దోనె, కింద బండ, ఈ నాలుగూ ఉంటే మిద్దె తరాలు నిలబడుతుంది. వీటిలో ఏ ఒక్కటి చెడినా మిగతా మూడూ ఎక్కువ కాలం కాయలేవు.

మూసుకున్న దోనె బరువు ఎంత?

బడిలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయులు ఈ లెక్కను పిల్లలతో చేయించవచ్చు. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న చిన్న మిద్దె అనుకుందాం. అది సుమారు 37 చదరపు మీటర్లు. దాని మీద అడుగు మందం మట్టి ఉంటే, తడి మీద దాని బరువు దాదాపు 20 టన్నులు. ఆ బరువు మోయడానికే దూలాలు పెట్టారు. ఇప్పుడు దోనె మూసుకుపోయింది. పిట్టగోడ చుట్టూ ఉంది కాబట్టి మిద్దె ఒక తొట్టి అయింది. నాలుగు అంగుళాల నీళ్ళు నిలిస్తే అదనంగా మూడున్నర టన్నులకు పైనే. అది ఒకచోట ఉండే బరువు కాదు. నీళ్ళు మట్టిలోకి దిగి, మట్టి కుంగి, కుంగిన గుంతలోకి మరిన్ని నీళ్ళు చేరతాయి. చెదలు తిన్న ఒక దూలం అక్కడ ఉంటే, తెల్లవారేసరికి ఇల్లు లోపలికి కూలుతుంది.

ప్రతి ముసురులోనూ రాయలసీమ పత్రికల్లో ఒక చిన్న వార్త ఉంటుంది. మట్టి మిద్దె కూలి ముసలమ్మ మృతి, లేదంటే తల్లీబిడ్డలకు గాయాలు. వానే చంపినట్టు రాస్తారు. ఆ వార్తలు చదివేటప్పుడు ఇకమీదట మనం ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఆ ఇంటికి చౌడు పోసి ఎన్నేళ్ళయింది? దోనె తీసి చూసి ఎన్నేళ్ళయింది? పోయడానికి ఆ ఇంట్లో చేతనైన మనిషి ఉన్నారా, లేక పిల్లలు వలస పోయారా?

దోనెను మూసేవి పెద్ద వస్తువులేమీ కావు. మాఘ, ఫాల్గుణాల్లో వేపచెట్టు ఆకు రాలుస్తుంది. చింతాకు ఇంకా సన్నం, తడిస్తే పేస్టులా అతుక్కుంటుంది. శెనక్కాయలు ఎండబోసి ఎత్తుకున్నాక మిగిలిన పొట్టు, మట్టి, పుల్లలు వాన నీటితో కొట్టుకొచ్చి దోనె ముందు ఆగుతాయి. పిచ్చుకలు గూడు పెడతాయి. పిట్ట రెట్టలో వచ్చిన రావి గింజ దోనె సందులో మొలుస్తుంది. ఆ మొక్కను చిటికెన వేలంత ఉన్నప్పుడు పీకేస్తే పోతుంది. రెండేళ్ళు వదిలితే గోడను చీలుస్తుంది.

చెరువు మరవ, మిద్దె దోనె

మన జిల్లాలోనే పోరుమామిళ్ళ చెరువు ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు దాన్ని కట్టించినట్టు 1369 నాటి శాసనం చెబుతుంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ ఆ శాసనం లెక్కపెట్టింది. ప్రపంచంలోని నీటి నిపుణులు ఇప్పటికీ దాన్ని ప్రస్తావిస్తారు. ఆ దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి, చౌడు నేల ఒకటి. చెరువుకు దోషమైన చౌడే మిద్దెకు గుణమైందని గమనించండి. ఏ మట్టీ చెడ్డది కాదు, దాని చోటు దానికుంటుంది.

చెరువుకూ మిద్దెకూ సూత్రం ఒకటే. చెరువు నిండాక మిగిలిన నీళ్ళు పోవడానికి మరవ ఉంటుంది. మరవ మూస్తే కట్ట తెగుతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, రాజంపేట వైపు పల్లెలు కొట్టుకుపోయింది మనమంతా చూశాం. వచ్చిన వరదకు గేట్ల దారి చాలలేదు. నీళ్ళు తమ దారి తాము చేసుకున్నాయి. పెద్ద కట్టకు జరిగిందే చిన్న మిద్దెకూ జరుగుతుంది.

పోరుమామిళ్ళ శాసనంలో మనం చదవాల్సిన మాట ఇంకొకటి ఉంది. చెరువు పని రెండేళ్ళు సాగిందనీ, రోజూ వెయ్యి మంది పనిచేశారనీ అందులో ఉంది. కట్టించినవాని పేరు, వంశం, బిరుదులు రాతి మీద ఉన్నాయి. ఆ వెయ్యి మందిలో ఒక్కరి పేరూ లేదు. వాళ్ళు మట్టి మోసిన తట్టలు ఎవరు అల్లారో లేదు. తర్వాత ఆరు వందల ఏళ్ళు తూముల్లో పూడిక తీసింది ఎవరో లేదు. కట్టినవాడికి శాసనం ఉంటుంది. శుభ్రం చేసినవాడికి ఉండదు. చెరువు నీళ్ళు పంచేందుకు ఊళ్ళో నీరుగంటి అనే పనివాడు ఉండేవాడు, ఆ పనికి ఒక పేరైనా ఉంది. మిద్దె ఎక్కి దోనె తీసే పనికి పేరు కూడా లేదు. అది ఇంటి ఆడవాళ్ళ పనుల్లోనో, కూలి మనిషి పనుల్లోనో కలిసిపోయింది.

మన ఇంటికి దోనె ఎప్పుడు వచ్చింది?

ఇక మన దగ్గరికి వద్దాం. ఎరుకల, సుగాలీ, యానాది, చెంచు. ఈ జిల్లాలోనూ చుట్టుపక్కలా ఉన్న మన ఇళ్ళకు నిన్న మొన్నటి దాకా దోనె లేదు. దోనె అవసరమయ్యే ఇల్లే లేదు.

నల్లమలలో చెంచుల ఇల్లు గుండ్రంగా, పైన కొప్పులా గడ్డి కప్పుతో ఉండేది. యానాదుల గుడిసెదీ దాదాపు అదే తీరు, వంగి లోపలికి పోవాల్సిన చిన్న వాకిలి. అటువంటి కప్పు మీద నీళ్ళు నిలవడానికి చోటే లేదు. ఎరుకలవాళ్ళు గాడిదల మీద సామాను వేసుకుని ఊరూరా తిరిగిన రోజుల్లో ఈతాకు చాపలే కప్పు. చుట్టి గాడిద మీద వేస్తే ఇల్లు ప్రయాణమైనట్టే. సుగాలీలు పెరిక ఎద్దుల మందలతో ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దక్కను అంతా నడిచారు. వాళ్ళ విడిదే వాళ్ళ తాండా. తర్వాత స్థిరపడ్డాక బోద కొట్టాలు వేసుకున్నారు. బోద కొట్టానికి చూరే దోనె. కొన్నేళ్ళకోసారి కప్పు మార్చుకోవడమే దాని మరమ్మతు.

ఆ తిరుగుడు బతుకు ఎందుకు ఆగిందో మనకు తెలియాలి. 1871 నాటికి మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలు మార్గం పూర్తయింది. పెరిక ఎద్దు రోజుల తరబడి మోసే ఉప్పును రైలు ఒక్క రోజులో మోసింది. ఉప్పు మీద కంపెనీ, తర్వాత దొరల సర్కారు పెట్టిన పన్నులూ ఆంక్షలూ తోడయ్యాయి. వ్యాపారం పోయింది. అదే 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. తిరిగేవాడు దొంగ అన్నారు. ఎరుకలవాళ్ళను పుట్టుకతో నేరస్థుల జాబితాలో రాశారు. స్టువార్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో ఉంచి హాజరు పట్టీలు వేశారు. ఉప్పు వ్యాపారం పోవడానికీ ఈ ముద్రకూ ఉన్న సంబంధాన్ని మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చూపారు. 1952 ఆగస్టు 31 నుంచి ఆ చట్టం దేశమంతటా రద్దయింది. మనకు కదలని కప్పు మొదట వచ్చింది కాపలా కింద అన్న సంగతి మరిచిపోకూడదు.

అంటే మనకు మిద్దె గురించి తెలియదా? బాగా తెలుసు. మిద్దె మనది కాకపోయినా మిద్దె పని మనది. చౌడు తవ్వి, తట్టలకెత్తి, నిచ్చెన మీదుగా పైకి చేర్చిన కూలీల్లో మనవాళ్ళున్నారని మా పెద్దలు చెబుతారు. ఆ తట్టలు, గంపలు అల్లింది ఎరుకల చేతులే. ఈత బరికె, వెదురు బద్ద లేకుండా ఈ సీమలో ఒక గంప మట్టి కూడా కదల్లేదు. చెరువు కట్టకైనా, రైలు కట్టకైనా, కరువు పనికైనా, రైతు మిద్దెకైనా మట్టి ఎక్కింది ఆ తట్టల్లోనే. కాబట్టి సీమ మిద్దెల చరిత్రలో మనం లేమని ఎవరైనా అంటే, తట్ట ఎవరిదని అడగండి.

కాలనీ స్లాబు

1950 నుంచి 1976 దాకా వచ్చిన ఉత్తర్వులు, సవరణలతో మన తెగల పేర్లు షెడ్యూలులో చేరి స్థిరపడ్డాయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైంది. మొదట్లో అది ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకూ, విముక్తులైన వెట్టి కూలీలకూ ఉద్దేశించిన పథకం. తర్వాత ఇందిరమ్మ ఇళ్ళు, ఇప్పటి ప్రధానమంత్రి ఆవాస్ యోజన. ఇలా ఒక్కో విడతలో మన కాలనీలకు సిమెంటు స్లాబు వచ్చింది. పాము భయం, అగ్గి భయం తగ్గాయి. పట్టా చేతికి వచ్చింది. ఇది పోరాడి సాధించుకున్న హక్కు. దాని విలువ తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు.

కానీ స్లాబుతో పాటు రావాల్సింది ఒకటి రాలేదు. బోద కొట్టం ఎలా చూసుకోవాలో మనకు తరాలుగా తెలుసు. మట్టి మిద్దె ఎలా చూసుకోవాలో రైతు ఇళ్ళకు తరాలుగా తెలుసు. చదును స్లాబును ఎలా చూసుకోవాలో, ఇల్లు అప్పజెప్పిన రోజు ఎవరూ చెప్పలేదు. చాలా కాలనీ ఇళ్ళ స్లాబుకు సరైన వాటం లేదు. దోనె స్థానంలో రెండంగుళాల పైపు ముక్క ఒకటి పిట్టగోడలో పెట్టారు, కొన్నింటికి అదీ గోడ దాటి బయటికి రాదు. రెండు గుప్పిళ్ళ వేపాకు చాలు దాన్ని మూయడానికి.

సిమెంటు స్లాబు మట్టి మిద్దెలా ఒక్క రాత్రిలో కూలదు. అందుకే జనం దాన్ని పట్టించుకోరు. నిలిచిన నీళ్ళు కంటికి కనిపించని బీటల్లోంచి లోపలి ఇనుప కడ్డీల దాకా దిగుతాయి. కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి లోపలి నుంచి సిమెంటును తోస్తుంది. మొదట కప్పుకు గోధుమ రంగు మరక, తర్వాత పొడవాటి బీట, ఆ తర్వాత పెచ్చులు. పదిహేను, ఇరవై ఏళ్ళకే పెచ్చులూడి కడ్డీలు కనిపించే ఇళ్ళు ప్రతి కాలనీలోనూ ఉన్నాయి. నిలిచిన నీళ్ళు వారం పది రోజులుంటే డెంగీ దోమకు గుడ్డు నుంచి రెక్కల దాకా ఎదగడానికి సరిపోతుంది. శుక్రవారం డ్రై డే అని ఇంటి ముందు తొట్లు బోర్లించి, స్లాబు మీద నిలిచిన మడుగును ఎవరూ చూడరు.

ఆ పెచ్చులూడిన ఇల్లు చూసి బయటివాళ్ళు ఒక మాట అంటారు. వీళ్ళకు పక్కా ఇళ్ళు కట్టించినా ఉంచుకోవడం రాదని. ఆ మాట చాలా పాతది. తిరిగేవాళ్ళను దొంగలన్న నోటితోనే, నిలిచినవాళ్ళను చేతగానివాళ్ళంటున్నారు. ఈ మాటకు జవాబు రెండు వైపుల నుంచీ ఇవ్వాలి. వాటం లేని స్లాబు, పొట్టి పైపు కట్టినవాళ్ళ లోపం. దాన్ని దరఖాస్తు పెట్టి, అడిగి, సరిచేయించుకోవాలి. ఉన్న పైపులో ఆకు తీయడం మన చేతిలో పని. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఒకటి అడుగుతూ రెండోది మానేస్తే ఇల్లు మనదే పోతుంది. రెండోది చేస్తూ మొదటిది అడగకపోతే తప్పు కట్టినవాడికి తెలియకుండా పోతుంది.

దూరదేశపు ఆదివాసులు

మట్టి మిద్దె మన సీమ సొత్తు మాత్రమే అనుకోవద్దు. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలో టావోస్ ప్యూబ్లో అనే ఆదివాసీ ఊరుంది. అదీ మనలాంటి ఎండ సీమే. కొన్ని వందల ఏళ్ళుగా మనుషులు విడవకుండా ఉంటున్న మట్టి ఇళ్ళు అక్కడివి. దూలాలు, వాటి మీద అడ్డ కర్రలు, వాటి మీద మట్టి, అచ్చం మన మిద్దె వరసే. ఆ సీమలో మట్టి మిద్దెల నీళ్ళు పోవడానికి గోడ బయటికి పొడుచుకువచ్చే చెక్క దోనెలు పెడతారు. గోడలకు క్రమం తప్పకుండా మళ్ళీ మట్టి పూస్తారు. 1992లో యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఆఫ్రికాలో మాలీ దేశంలో జెన్నే అనే పట్టణం ఉంది. అక్కడి పెద్ద మట్టి మసీదుకు ఏటేటా ఊరంతా కలిసి మట్టి పూస్తారు. చిన్నా పెద్దా అందరూ అడుసు మోస్తారు. అది వాళ్ళకు పండగ. మరమ్మతు పనిని పండగ చేసుకున్నవాళ్ళ కట్టడాన్ని లోకమంతా చూడటానికి వెళుతోంది. మన పల్లెల్లో మృగశిరకు ముందు చౌడు పోసిన పని కూడా అలాంటిదే. మనం దాన్ని కూలి పని కింద లెక్కగట్టి మర్చిపోయాం.

యువకులకు, ఉపాధ్యాయులకు

ఈ వ్యాసం చదివి పక్కన పెట్టేయకుండా కొన్ని పనులు చేయాలని మా కోరిక.

మొదటిది, కాలం. పెద్దలు కార్తెలు పెట్టుకున్నది ఇలాంటి పనులు గుర్తుండటానికే. వేపాకు రాలడం అయిపోయాక, ఉగాది శుభ్రం చేసేటప్పుడే మిద్దె కూడా ఊడవాలి. జూన్ మొదటి వారంలో మృగశిర రాకముందు దోనెలో చెయ్యి పెట్టి చూడాలి. శెనక్కాయలు ఎత్తుకున్నాక, అక్టోబరు చివర స్వాతి వానలకు ముందు మరోసారి. ఆకు, చెత్త తీశాక ఒక బిందె నీళ్ళు పోసి, అవి ఆగకుండా బయట పడుతున్నాయో లేదో చూడాలి. నీళ్ళు పడిన చోట బండ ఉందో లేదో చూడాలి. మిద్దె మీద మడుగు నిలిచిన చోట బొగ్గుతో గుర్తు పెట్టుకుంటే, మేస్త్రీ వచ్చినప్పుడు వాటం ఎక్కడ సరిచేయాలో చూపించవచ్చు.

రెండోది, జాగ్రత్త. తడి స్లాబు మీద నడవకూడదు. నిచ్చెన కింద ఒక మనిషి పట్టుకుని ఉండాలి. మిద్దెకు దగ్గరగా కరెంటు తీగలున్న చోట ఇనుప కడ్డీ ఎత్తకూడదు. ఆకు కుప్పల కింద తేళ్ళుంటాయి, చేత్తో కాకుండా కట్టెతో కదిలించాలి. చిన్నపిల్లలను ఎక్కించకూడదు. పాత మట్టి మిద్దె మెత్తబడి ఉంటే ఎవరూ ఎక్కకూడదు, ముసురు పట్టిన రాత్రి దాని కింద పడుకోకూడదు. ఊళ్ళో ఒంటరిగా ఉన్న అవ్వల, తాతల మిద్దెలను యువకులు వంతులు వేసుకుని చూడాలి. వలసపోయిన కొడుకులు చేయలేని పని అది.

మూడోది, చరిత్ర. ఉపాధ్యాయులు పిల్లలను తమ ఇంటి కప్పు గురించి అడగమనండి. అవ్వ పుట్టిన ఇంటికి కప్పు ఏమిటి? బోదా, ఈతాకు చాపా, పెంకా, మిద్దెనా? స్లాబు ఏ సంవత్సరం పడింది? ఏ పథకం కింద? చౌడు ఎక్కడి నుంచి తెచ్చేవాళ్ళు? దాన్ని ఎవరు మోసేవాళ్ళు, కూలి ధాన్యంగా ఇచ్చారా, డబ్బుగానా? దోనెకు మన ఇంటి భాషలో, కుర్రు భాషలో, గోరుబోలిలో ఏ పేరుంది? ఒక తరగతిలో ముప్పై మంది పిల్లలు ఈ జవాబులు తెస్తే, ఆ ఊరికి ఇంతవరకూ ఎవరూ రాయని చరిత్ర సగం సిద్ధమైనట్టే. బడి స్లాబు మీది దోనెను కూడా అదే రోజు పెద్దలతో చూపించండి. ఎస్టీ హాస్టళ్ళలో, ఆశ్రమ పాఠశాలల్లో పడుకునేది మన పిల్లలే.

మన తాతలు కప్పును చుట్టి గాడిద మీద వేసుకుని నడిచారు. మన అమ్మలు పరాయి మిద్దెలకు చౌడు మోశారు. ఇప్పుడు కప్పు మన పేరు మీద ఉంది, పట్టా మన పెట్టెలో ఉంది. అది మన పిల్లల పేరు మీదికి మారే దాకా నిలవాలి. ఈ ఏడు మృగశిర రాకముందే మిద్దె ఎక్కి చూడండి.